జోలక్క కుర్చీ

ఆస్పత్రి రెండో అంతస్తులో, వరండా చిట్టచివర, ఒక గది ఉంది. తలుపు జానెడు మందం. గోడలకి చప్పుడు పీల్చే అట్టలు, మధ్యలో ఒక వాలుకుర్చీ, కుర్చీకి వెనక అద్దం బిగించిన గూడులాంటి చిన్న గది, అందులో కంప్యూటరు. మెదడులో పుట్టే సన్నపాటి కరెంటుని తలమీద నుంచి పట్టుకుని గీతలుగా చూపించడం అక్కడి పని. ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న మనిషికి హాజరు పట్టీలో ఏదో పేరు ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ జోలక్క.

ఎందుకంటే ఆవిడ చేతికింద ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నిద్రపోతాడు. ఏదో కోడికునుకు అనుకునేరు. నోరు తెరుచుకుని, మెడ వాల్చేసి, సొంత మంచం మీద కూడా ఎన్నాళ్లుగానో పట్టని నిద్ర. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్ల విషయంలో ఈ నిద్రకి చాలా విలువ. మెలకువలో దాక్కునే తేడాలు కొన్ని నిద్రలో బయటపడతాయి. వేరేచోట్ల ఇందుకోసం రోగిని రాత్రంతా మేలుకోబెట్టి తీసుకొస్తారు. ఇక్కడ డాక్టర్లు చీటీ మీద 'జోలక్కకి అప్పగించండి' అని రాసి చేతులు దులుపుకుంటారు.

ఆవిడ పని చూస్తే మొదట దర్జీ అనుకుంటారు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు. ముక్కు మొదలు నుంచి తల వెనక బొడిపె దాకా ఒక కొలత, ఈ చెవి నుంచి ఆ చెవికి ఒక కొలత, మధ్యలో ఎర్ర మైనపు పెన్సిలుతో గుర్తులు. గుర్తు పెట్టిన ప్రతిచోటా వెంట్రుకలు పాయ తీసి, చర్మాన్ని గరుకు ముద్దతో కొంచెం రుద్ది, జిగురు నింపిన చిన్న లోహపు గిన్నెని అతికించి, పైన దూది అద్దుతుంది. అలాంటివి ఇరవై ఒకటి. ప్రతి గిన్నెకీ ఒక రంగు తీగ. పాతిక నిమిషాల పని. ఆ పాతిక నిమిషాలూ ఆవిడ నోరు ఊరుకోదు.

కబుర్లలో గొప్ప సంగతులేమీ ఉండవు. ఉంటే నిద్రెలా పడుతుంది? మొన్న బీరువా సర్దుతుంటే జత తప్పిన మేజోళ్లు పదకొండు దొరికాయని, మిగతా పదకొండూ ఎక్కడికి పోయి ఉంటాయో బుర్ర బద్దలు కొట్టుకున్నా తెలియడం లేదని, పక్కింటావిడ కిటికీ అద్దాలు తుడిచే పద్ధతి తనకి నచ్చదని, పైనుంచి కిందికి తుడవాలిగానీ అడ్డంగా తుడిస్తే చారలు పడక ఏమవుతుందని. గొంతు పెంచదు, తగ్గించదు. వినేవాళ్లు ఊఁ కొట్టక్కర్లేదు. ఓసారి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి, తనకి పగలు నిద్ర అలవాటు లేదని, తన దగ్గర ఇలాంటి వేషాలు కుదరవని గట్టిగా చెప్పి కూర్చున్నాడు. మేజోళ్ల దాకా కూడా రాలేదు. గంట తర్వాత లేచి, ఇందాక ఎవరో గురక పెడుతున్నారే అన్నాడు. పక్క గదిలోనండీ అంది జోలక్క. పక్కన గదే లేదు.

అలాగని మెత్తటి మనిషేం కాదు. తలకి నూనె పట్టించి వచ్చినవాళ్లని చూస్తే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పంపిన డాక్టరుకి ఫోను చేసి, రోగి వింటుండగానే, "మీరు చదివిన చదువులో నూనె గురించి ఒక్క పేజీ కూడా లేదా బాబూ?" అని అడిగేస్తుంది. ఆ తర్వాత తనే గోరువెచ్చటి నీళ్లతో ఆ తల కడిగి, ఆరబెట్టి, కొలతలు మొదలుపెడుతుంది.

అదే గదిలో ఇంకో టెక్నీషియను ఉన్నాడు. ఆయన పేరు ముక్తసరి. పెట్టింది జోలక్కే. మాట మాటకీ పన్ను కడుతున్నట్టు మాట్లాడతాడు. పదేళ్లుగా కలిసి పనిచేస్తున్నా ఆయనకి పిల్లలెంతమందో ఆవిడకి ఇప్పటికీ కచ్చితంగా తెలియదు. ఆవిడ బీరువాలో ఏ అరలో ఏముందో ఆయనకి కంఠతా వచ్చు.

ఇలా సాగిపోతున్న గదిలోకి ఒక కొత్త డాక్టరమ్మ పరిశోధన తీసుకొచ్చింది. చిన్న వయసు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు, మంచి పిల్ల. ఆందోళన జబ్బు ఉన్నవాళ్లు నలభై మంది, లేనివాళ్లు నలభై మంది. ఒక్కొక్కరినీ కుర్చీలో ఊరికే కూర్చోబెట్టి, పది నిమిషాలు కళ్లు మూయించి, పది నిమిషాలు తెరిపించి, మెదడు అలలు ఎలా ఉంటాయో కొలవాలి. ఒక మనిషి గీతలు చూసి ఇతనికి ఆందోళన ఉంది, లేదు అని ఎవరూ చెప్పలేరని, గుంపుని గుంపుతో పోలిస్తే ఏదైనా తేడా తెలుస్తుందేమో చూడాలని డాక్టరమ్మ వివరించింది. కొలత పూర్తిచేసిన రోగులకి మూడో అంతస్తులో పన్నెండు వారాలు మనస్తత్వ నిపుణురాలితో కూర్చుని మాట్లాడే చికిత్స. మామూలుగా దానికి తొమ్మిది నెలలు వరసలో నిలబడాలి. వీళ్లకి వెంటనే.

"అంతేనా. నాకొదిలెయ్యండమ్మా," అంది జోలక్క.

వదిలేసింది. పదకొండు మందిని కొలిచాక డాక్టరమ్మ ఆ ఫైళ్లన్నీ తెరిచి చూసి, కాసేపు తల పట్టుకుని కూర్చుని, ఆవిడని పిలిచింది.

"ఇదిగో చూడండి జోలక్కగారూ. మూడో నిమిషం. అలలు నెమ్మదించాయి. కళ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతున్నాయి. ఈవిడ నిద్రపోయింది."

"పోదా మరి? వారం నుంచి కంటిమీద కునుకు లేదట పాపం."

"ఈయనా నిద్రే. ఈయనా. పదకొండు మందిలో తొమ్మిది మంది నిద్రపోయారు. నాకు కావాల్సింది మెలకువగా ఉన్న మెదడండీ."

"మధ్యలో లేపమంటారా?"

"నిద్రపుచ్చొద్దంటాను." డాక్టరమ్మకి నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. "వాళ్ల భయాన్ని కొలుద్దామని నేను కూర్చుంటే, కొలిచేలోపు మీరు దాన్ని ఇంటికి పంపించేస్తున్నారు."

ఒక అట్ట మీద ఆరు వాక్యాలు రాసి ఇచ్చింది. అందరికీ అవే చెప్పాలి, ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు. జోలక్క ఆ అట్ట పట్టుకుని పన్నెండో మనిషికి చదివింది. 'ఇప్పుడు మీరు కళ్లు మూసుకుని, కదలకుండా, మెలకువగా ఉండండి' అనేది నాలుగో వాక్యం. ఆ గొంతుతో మెలకువగా ఉండమంటే ఎవరుంటారు? ఐదో వాక్యానికి తల వాలిపోయింది. ఆ సాయంత్రమే పరిశోధన పని ముక్తసరికి మారింది. జోలక్కకి మిగిలింది కొలత అయిపోయిన తలల జిగురు కడగడం.

మూర్ఛ రోగుల పని ఎలాగూ తనదే. కానీ మనసు చివుక్కుమంది. ఇరవై రెండేళ్లుగా చేతికి వచ్చిన విద్యని ఒక పిల్ల వచ్చి పొరపాట్ల జాబితాలో రాసుకుంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు? ఇంటికి వెళ్లి తమ్ముడి దగ్గర వెళ్లబోసుకుంది.

ఇప్పుడు ఈ తమ్ముడి సంగతి చెప్పాలి. ఆవిడకంటే ఏడేళ్లు చిన్న. పాత పుస్తకాలకి కొత్త అట్టలు వేస్తాడు. బజారులో చిన్న కొట్టు ఉండేది. ఆరేళ్ల కిందట ఒకరోజు, కిక్కిరిసిన బస్సులో, ఉన్నట్టుండి గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరి అందక, ప్రాణం పోతోందనుకుని మధ్యలోనే దిగి పరుగెత్తాడు. పరీక్షలన్నీ చేసి గుండె రాయిలా ఉందన్నారు. ఇది ఆందోళన జబ్బు, మనసు డాక్టరుకి చూపించుకోమన్నారు. గుండె జబ్బంటే పదిమందికి చెప్పుకునేవాడే. ఇది చెప్పుకోలేకపోయాడు. మొదట బస్సు మానేశాడు. తర్వాత బజారు. తర్వాత కొట్టు. కత్తులు, దారాలు, పుస్తకాలు బిగించే మర అన్నీ ఇంటి ముందు గదిలోకి వచ్చేశాయి. లైబ్రరీ వాళ్ల చిరిగిన పుస్తకాలు అక్క సంచిలో వస్తాయి, అట్టలు వేయించుకుని అక్క సంచిలోనే వెళతాయి. భర్త పోయాక ఆవిడ తమ్ముడి దగ్గరికి వచ్చి ఉంటోంది. ఎవరు ఎవరి దగ్గర ఉంటున్నారో వాళ్లిద్దరికీ తెలియదు. రెండేళ్లుగా అతను గేటు దాటలేదు.

దడ మొదలైనప్పుడు ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. అవే మేజోళ్లు, అవే కిటికీలు. అతను మొహం పాలిపోయి, బల్ల అంచు పట్టుకుని వింటాడు. పది నిమిషాలకి, "తగ్గిందక్కా," అంటాడు. ఆవిడ లేచి వంట పని చూసుకుంటుంది. వేలమందికి పనికొచ్చిన విద్య ఇంట్లో మనిషికీ పనికొచ్చినందుకు ఆవిడకి లోలోపల గర్వం. ఆస్పత్రిలో ఆవిడ కబుర్లు విన్నవాళ్లలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు. మీ తమ్ముడేం చేస్తాడని అడిగితే ఇంటి దగ్గరే పని అంటుంది. అబద్ధం కాదుగా.

ఆ సాయంత్రం ఆవిడ గోడు విని అతను నవ్వలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ, "అక్కా, అక్కడికి ఎలాంటివాళ్లు వస్తున్నారు?" అని అడిగాడు.

"అన్నిరకాలవాళ్లూరా. ఒక బడి పంతులమ్మ. ఒక లారీ డ్రైవరు, ఇంతెత్తు మనిషి, వంతెన చూస్తే చెమటలు పడతాయట."

"నాలాంటివాళ్లన్నమాట."

ఆరేళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. జోలక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. నాలుగు రోజులు పోయాక మళ్లీ అతనే కదిపాడు. "నేనొస్తే నా పేరు రాసుకుంటారా?"

ఆవిడకి రెక్కలొచ్చినట్టయింది. అది ఆ పూటకే. తెల్లారేసరికి భయం పట్టుకుంది. కొలత అంటే ఇంటి నుంచి ఆస్పత్రికి మైలున్నర నడవాలి. రెండంతస్తులు ఎక్కాలి. తలనిండా తీగలతో, జానెడు మందం తలుపు వెనక, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మధ్యలో లేచి పారిపోయాడంటే అక్కడితో ఆగదు. ఆ సిగ్గుతో ఇక జన్మలో గేటు దాటడు. అది ఆవిడకి తన అరచేతిని చూసుకున్నంత తేటగా తెలుసు. పూర్తిచేస్తే మాత్రం మూడో అంతస్తు. అప్పటికే రోగుల జాబితాలో రెండే ఖాళీలు మిగిలాయి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. "మా తమ్ముడమ్మా," అంది. ఇంకేం చెప్పలేకపోయింది. అంతటి జోలక్కకి మాట దొరకకపోవడం చూసి డాక్టరమ్మే అన్నీ అడిగి తెలుసుకుంది. పేరు రాసుకుంది.

"నేను లోపల ఒక మూల కూర్చుంటాను. నోరు విప్పను. ఒట్టు," అంది జోలక్క.

"వద్దండీ. మీరు మాట్లాడకపోయినా ఆయన మీ మాట వింటూనే ఉంటారు."

"మరి లోపల ఏమన్నా అయితే?"

"ఎడమ చెయ్యి పైకెత్తితే వెంటనే ఆపేస్తాం. అందరికీ అదే చెబుతున్నాం."

జోలక్కకి ఒళ్లు మండింది. ఇంత పిల్ల నాకు చెప్పొచ్చిందా అనుకుంది. మళ్లీ తనే, ఆ పిల్ల చెప్పింది సబబే కదా అని ఇంకాస్త మండిపడింది.

రెండు వారాలు సాధన చేశారు. మొదటిరోజు వీధి మలుపు దాకా. మూడోరోజు మందుల కొట్టు దాకా. అక్కడ ఒక కుక్క అరిస్తే ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. ఎవరు ముందు తిరిగారో తేలలేదు. తొమ్మిదోరోజు ఆస్పత్రి గేటు దాకా వెళ్లి, చెయ్యి పెట్టి గేటు ఊచ ముట్టుకుని వచ్చాడు. దారి పొడవునా జోలక్క మాట్లాడుతూనే ఉంది. అతను ఊఁ అంటూనే ఉన్నాడు.

కొలత రోజు పొద్దున పది గంటలకి పిలుపు. అతను తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఎనిమిదిన్నరకే తయారై గుమ్మంలో కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. నడిచారు. మెట్లెక్కారు. మొదటి అంతస్తు మలుపులో ఆగి, గోడకి చెయ్యి ఆనించి, మొహం తుడుచుకుని, మళ్లీ ఎక్కాడు. గది ముందు ముక్తసరి నిలబడి ఉన్నాడు.

"రండి," అన్నాడు. తలుపు మూసుకుంది.

బయట బల్ల మీద జోలక్క. ఇరవై రెండేళ్లలో ఆ బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదు. రోగులతో వచ్చినవాళ్లు కూర్చునే బల్ల అది, ఒక కోడు పొట్టి. తను కూర్చున్నంతసేపూ అది అటూ ఇటూ ఊగుతుందని ఆవిడకి ఈరోజే తెలిసింది. గోడ గడియారం చూస్తూ లోపల ఏం జరుగుతోందో లెక్కపెట్టుకుంది. ఇప్పుడు టేపు. ఇప్పుడు పెన్సిలు. ఇప్పుడు వెనక వైపు నాలుగు గిన్నెలు. ముక్తసరి చెయ్యి కొంచెం బరువు, తల నొక్కేస్తాడు. ఏమన్నా మాట్లాడుతున్నాడో లేదో. ఎందుకు మాట్లాడతాడు, ఆయన సొమ్మేం పోయింది? పది ఇరవై ఐదు. పది ఇరవై ఎనిమిది. ఇప్పుడు ఆరు వాక్యాలు చదివి ఉంటాడు. ఇప్పుడు తమ్ముడు కళ్లు మూసుకుని ఉంటాడు.

ఇక కూర్చోలేకపోయింది. కాలుకాలిన పిల్లిలా వరండాలో నాలుగుసార్లు తిరిగింది. కుర్చీ వెనకున్న అద్దం గదికి వరండా వైపు నుంచి వేరే చిన్న తలుపు ఉంది. పని చేసేవాళ్లు తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. నేను పనిచేసేదాన్నే కదా అని తనకి తనే చెప్పుకుని లోపలికి వెళ్లింది. ముక్తసరి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తిరిగి చూసి, కొంచెం పక్కకి జరిగాడు.

ఆవిడ గీతల వంక చూసింది. నుదుటి దగ్గరివి, కణతల దగ్గరివి నల్లగా కమ్ముకుపోయి ఉన్నాయి. పళ్లు బిగబడితే, నుదురు ముడిపడితే అలాగే వస్తాయి. వెనకవైపు, కళ్లు మూసుకుని కాస్త స్థిమితంగా ఉన్న మనిషికి వచ్చే నున్నటి అలలు ఎక్కడా లేవు. అన్నిటికంటే అడుగున, ఛాతీ మీది తీగ నుంచి వచ్చే గుండె గీత. ఒక కొట్టుడుకీ ఇంకో కొట్టుడుకీ మధ్య ఎడమే లేదు. దడ వచ్చేసింది. బల్ల అంచు పట్టుకునే దడే. కాకపోతే ఇన్నేళ్లూ ఆవిడ మొహం మాత్రమే చూసింది. లోపల ఇంత జరుగుతుందని, ఇంత ఉంటుందని ఎప్పుడూ చూడలేదు. ఇన్ని వేలమంది తలలు చూసిన మనిషికి సొంత తమ్ముడి తల చూడడం ఇదే మొదటిసారి.

బల్ల మీద మైకు. దానికి ఒక మీట. నొక్కి ఒక్క మాటంటే చాలు, కుర్చీలో అతనికి వినిపిస్తుంది. చెయ్యి దానంతట అదే వెళ్లింది.

"ఆపేయండి," అంది, మీట మీద వేలు పెట్టి.

"ఆపమనలేదు," అన్నాడు ముక్తసరి.

"ఎవరు?"

"ఆయన."

ఆవిడ చెయ్యి తీయలేదు. ముక్తసరి ఆవిడ వంక చూశాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఆ గదిలో ఆయన ఆ యేడాదంతా మాట్లాడినవాటికంటే ఎక్కువ. "చెయ్యెత్తితే ఆపుతాను. మూడు నిమిషాల నుంచి అట్లాగే ఉంది. ఎత్తలేదు. ఆపాలో వద్దో ఆయనకి తెలుసు కదా. మనం ఎందుకు చెప్పడం?"

అద్దంలోంచి చూసింది. కుర్చీ వెనక నుంచి తమ్ముడి తల కనిపిస్తోంది, ఇరవై ఒక్క తీగలతో. కుర్చీ చేతి మీద అతని ఎడమ చెయ్యి. వేళ్లు తోలు గుడ్డని గుచ్చి పట్టుకున్నాయి. ఓసారి మణికట్టు రెండంగుళాలు లేచింది. ముక్తసరి వేలు ఆపే మీట మీదకి వెళ్లింది. మణికట్టు మళ్లీ కిందికి దిగింది.

ఆవిడ మైకు మీద నుంచి చెయ్యి తీసేసి, రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుంది. నోరు మూసుకుని నిలబడడం ఇంత కష్టమైన పనని ఆవిడకి తెలియదు. గొంతులో మేజోళ్లు, కిటికీలు, పక్కింటావిడ అందరూ తోసుకుంటూ వస్తున్నారు. మింగేసింది. ఆరో నిమిషం. ఏడో నిమిషం. భయం గీతల్లో అలాగే ఉంది. అంతసేపు ఉంటుందా? ఇంట్లో పది నిమిషాలకి పోయేది కదా, వింటూ వింటూ. పదో నిమిషానికి ముక్తసరి కళ్లు తెరవమని చెప్పాడు. పదమూడో నిమిషానికి గుండె గీతలో కొంచెం ఎడం కనిపించింది. ఆవిడ నమ్మలేదు. ఇంకో నిమిషం చూసింది. ఎడం పెరిగింది. నుదుటి గీతల నలుపు పలచబడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ పక్కన కూర్చోలేదు. వచ్చిన భయం దానంతట అది వెళ్లిపోతోంది.

ఇరవయ్యో నిమిషం. "అయింది," అన్నాడు ముక్తసరి. మైకులో కాదు, ఆవిడతో.

తల కడగడం ఎలాగూ ఆవిడ పనే. గది మూల సింకు దగ్గర తమ్ముణ్ని వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోస్తూ, వేళ్లతో జిగురు ముద్దలు ఊడదీస్తోంది. అతని మొహం కడిగిన పలకలా ఉంది. అలసిపోయాడు గానీ కళ్లలో ఏదో వెలుగుంది. డాక్టరమ్మ వచ్చి, కొలత బాగా వచ్చిందని, గురువారం పదకొండింటికి మూడో అంతస్తుకి రమ్మని చెప్పి వెళ్లింది. వస్తానండీ అన్నాడు.

"చాలా భయమేసిందిరా?" అంది జోలక్క, ముక్తసరి గదిలోంచి వెళ్లేదాకా ఆగి.

"చచ్చేంత వేసింది."

"మరి చెయ్యెత్తలేదే?"

"ఎత్తుదామనే అనుకున్నాను. కానీ అక్కా, లోపల నన్నెవరూ భయం తగ్గించుకోమనలేదు. ఎంతసేపు కావాలంటే అంతసేపు భయపడొచ్చు. హాయిగా భయపడ్డాను. తర్వాత ఇంక భయపడడం చేతకాలేదు."

జోలక్క నవ్వింది. నవ్వుతూనే, "ఇంట్లో అయితే పది నిమిషాలకే తగ్గిపోయేదిగా, నా కబుర్లతో," అంది.

నీళ్లు కారుతున్న చప్పుడులో, పైకప్పు వంక చూస్తూ, అతను మెల్లగా అన్నాడు. "తగ్గేది కాదక్కా. తగ్గిందని చెప్పేవాణ్ని."

ఆవిడ చేతులు అతని జుట్టులో అలాగే ఆగిపోయాయి. "ఎందుకురా?"

"నువ్వు చూడాలి నీ మొహం అప్పుడు. నవ్వుతూ మాట్లాడేదానివి, గొంతు కూడా మారేది కాదు. కానీ మొహంలో చుక్క రక్తం ఉండేది కాదు. నేను తగ్గిందంటే నీకు తగ్గేది. అందుకని."

ఆరేళ్లు. ఎన్ని దడలు, ఎన్ని పది నిమిషాలు. ఆవిడ లేచి వంట పని చూసుకోవడానికి వెళ్లిపోయాక అతను ఒక్కడూ ముందు గదిలో మిగతాది భరించాడన్నమాట, చప్పుడు కాకుండా, ఆవిడకి వినపడకుండా. ఆవిడకి కోపం వచ్చింది, అతని మీద కాదు. సిగ్గేసింది. అన్నిటికంటే ఎక్కువగా అతని మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుళాయి కట్టేసింది. తువ్వాలు అతని తలమీద వేసింది. పక్కనున్న ఎత్తు స్టూలు మీద కూర్చుంది.

"నాక్కూడా భయమేస్తుందిరా," అంది. "నీకు దడ వచ్చినప్పుడల్లా వేస్తుంది. ఇందాక అక్కడ నిలబడి చచ్చిపోయాననుకున్నాను. ఇప్పుడు కూడా వేస్తోంది. గురువారం ఏమవుతుందోనని."

ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు, భర్త పోయినప్పుడు కూడా. అనేశాక రెండు చేతులతో మొహం కప్పుకుంది. అతను ఏమీ కాదక్కా అనలేదు. ఊరుకో అనలేదు. తడి తలమీద తువ్వాలుతోనే లేచి, ఇంకో స్టూలు లాక్కొచ్చి, ఆవిడ పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఆవిడకి ఎంతసేపు పట్టిందో అంతసేపూ కూర్చున్నాడు.